ఆరు తెరలు

అన్నయ్య షాపులోకి వస్తూనే గుమ్మం పక్కనున్న అట్టపెట్టెను తన్నుకుని, పడబోయి నిలదొక్కుకున్నాడు.

"దారికడ్డంగా ఇవేంటే పిడుగూ? మనుషులు నడవక్కర్లేదా?"

పెట్టెలు దారికి అడ్డంగా లేవు. గోడవారన బుద్ధిగా ఉన్నాయి. పొద్దున్నే గొడవెందుకని చెల్లెలు వాటిని ఇంకాస్త లోపలికి జరిపింది.

ఆమెది కంప్యూటర్ల షాపు. విడిభాగాలు తెప్పించి, ఎవరికి కావలసినట్టు వాళ్లకు బిగించి ఇస్తుంది. అన్నయ్య పన్నెండేళ్లుగా ఇంట్లోనే కూర్చుని షేర్ల వ్యాపారం చేస్తున్నాడు. మార్కెట్ తెరిచింది మొదలు మూసేదాకా నాలుగు తెరల ముందు కదలకుండా కూర్చుంటాడు. ఆ నాలుగూ ఆమె బిగించినవే.

"నాలుగూ చాలట్లేదు. ఆరు కావాలి, పెద్దవి" అన్నాడు.

"ఉన్నవాటికేమొచ్చింది?"

"పక్కవి దండగైపోయాయి. మూలన ధర ఎర్రబడుతుంది. నాకు తెలిసేసరికి అంతా అయిపోతుంది. పాతబడి వెలుగు తగ్గినట్టుంది."

ఆమె నమ్మింది. తెరలు పాతబడితే మసకబారడం మామూలే. ఇద్దరూ గంటసేపు తర్జనభర్జన పడ్డారు. అన్నయ్య కన్ను వెడల్పాటి వంపు తెర మీద పడింది.

"అది ఒంటరిగా ఉంటేనే అందం. రెండు వరసల్లో ఆరు పేర్చాలంటే బల్లపరుపువే కుదురుతాయి" అందామె. మరీ సన్నని చుక్కల తెరలు కూడా వద్దంది. వాటిమీద అంకెలు చీమల బారులా ఉంటాయి, రోజంతా చూస్తే తల పగిలిపోతుంది. కాంతి తిరిగి కొట్టనివి, ఇరవై ఏడు అంగుళాలవి ఎంచింది. ఇక వీడియో కార్డు దగ్గరికొచ్చేసరికి అన్నయ్య అద్దాల బీరువాలో ఉన్న అన్నిటికంటే పెద్దదాన్ని చూపించాడు.

"అది ఆటలాడేవాళ్లకన్నయ్యా. దాని ఫ్యాన్లు తిరిగితే నీ ఫోన్ మాట నీకే వినపడదు. ధరల గీతలు గీయడానికి అంత బలమెందుకు? నీకు కావలసింది వైర్లు గుచ్చే నోళ్లు. ఈ చిన్న కార్డుకి నాలుగు తెరలు తగిలించుకోవచ్చు. ఒకే రకానివి రెండు వేద్దాం."

"నోళ్లెక్కువ, బలం తక్కువ. అచ్చం మన చుట్టాలే" అని పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. వాళ్లిద్దరూ అలా మనసారా నవ్వుకోవడం మళ్లీ చాలా రోజులకు గానీ కుదరలేదు.

మార్కెట్‌కి సెలవైన రోజు చూసి అన్నీ తీసుకెళ్లింది. ఇనుప స్టాండు బల్లకు బిగించి, కింద మూడు, పైన మూడు తెరలు పేర్చింది. వైర్లన్నీ కట్టగట్టి స్విచ్ వేసింది. అన్నయ్య కుర్చీలో కూర్చుని కొత్త బట్టలు తొడుక్కున్నవాడిలా మురిసిపోయాడు. ఆమె బల్ల వెనక్కి వెళ్లి చూసింది. కింది వరసలో ఎడమ చివరి తెర వైరు సరిగా దిగలేదు. ముందుకి తొంగి చూస్తే ఆ తెర నల్లగా ఉంది.

"అన్నీ వచ్చాయా?" అని అడిగింది, లేదంటాడని తెలిసే.

"వచ్చాయే. అద్దంలా ఉన్నాయి."

వేళాకోళమనుకుంది. అన్నయ్య సంగతి తెలిసిందేగా. చెయ్యి చాచి కుడివైపు చివరిది కూడా ఆపేసింది. అన్నయ్య కదల్లేదు. నడిమి తెరనే చూస్తూ, "రంగులు భలే ఉన్నాయే" అన్నాడు.

ఆమె ఇవతలికి వచ్చి, అతని చెవి పక్కగా చెయ్యి పెట్టి వేళ్లు ఆడించింది. మెల్లగా ముందుకు తెచ్చింది. ఆ చెయ్యి దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చాక గానీ అన్నయ్య ఉలిక్కిపడలేదు.

"ఏంటే, ఈగల్ని తోలుతున్నావా?"

"నిన్నెప్పుడైనా కళ్లు చూపించుకోమన్నారా అన్నయ్యా?"

"నా కళ్లకేం? ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాను."

అది నిజమే. ఎదురుగా ఉన్నది అతనికి సూదిమొనతో సహా కనిపిస్తోంది. పోయింది పక్కల చూపు. అదీ నొప్పి లేకుండా, చీకటైనట్టు తెలియకుండా, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా.

మర్నాడు వదిన, ఆమె కలిసి బలవంతంగా కంటి ఆస్పత్రికి లాక్కెళ్లారు. ఒక గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు చప్పుడు లేకపోయేసరికి నర్సు బటన్ పాడైందేమోనని ఊడదీసి చూసింది. బటన్ బాగానే ఉంది.

డాక్టరమ్మ కాగితం బల్లమీద పెట్టింది. రెండు కళ్ల చూపుకి రెండు గుండ్రాలు. రెండూ నల్లగా, నడుమ మాత్రం చిన్న తెల్లటి మచ్చ.

"లోపలి ఒత్తిడి కంటి నరాన్ని తినేసింది. పోయిన చూపు రాదు. మిగిలింది నిలబెట్టుకోవాలి. రోజూ చుక్కలు వేసుకోవాలి, మానకూడదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

అన్నాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆఖరి రోజుల్లో నాన్న తలుపులకు, బల్లలకు గుద్దుకునేవాడు. కాఫీ గ్లాసు పక్కన పెడితే తన్నేసేవాడు. పెద్దతనం, పరధ్యానం అనుకున్నారు. వెనకాల చేరి నవ్వుకున్నారు కూడా.

"నాన్నకి" అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "మేమెవరం పట్టించుకోలేదు."

"అయితే నువ్వు కూడా పరీక్ష చేయించుకోవాలమ్మా" అని డాక్టరమ్మ చెల్లెలి వైపు తిరిగింది. ఆమె తల ఊపింది గాని ఆ మాట చెవికెక్కలేదు. వదిన వేరే మాట అడుగుతోంది.

"బండి నడపొచ్చాండీ? రోజూ పాపను బడిలో దింపేది ఈయనే."

డాక్టరమ్మ కూడదంది. అన్నయ్య ముఖం అప్పుడు పాలిపోయింది. ఇన్నాళ్లూ పాపను ముందు నిలబెట్టుకుని ఎన్ని సందుల మలుపులు తిరిగాడో లెక్కపెట్టుకుంటున్నట్టు చాలాసేపు నేలనే చూశాడు. జేబులోంచి బండి తాళం తీసి వదిన చేతిలో పెట్టాడు.

వారం తర్వాత ఫోన్ చేసి, "వచ్చి వాటిని దింపెయ్యవే. ఒక్కటి చాలు" అన్నాడు.

ఐదు తెరలు దింపింది. మిగిలిన ఒక్కదాని ముందు కూర్చుంటే అదీ మొత్తం కనిపించలేదు, అంచులు మాయమవుతున్నాయి. వెనక్కి జరిపారు. అంచులు దొరికాయి గానీ అంకెలు చిన్నవైపోయాయి. ముందుకు లాగారు. అంకెలు దొరికితే అంచులు పోయాయి. అరచేతి వెడల్పున అలా ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు జరిపారో.

"ఇంతకన్నా చిన్నది లేదా నీ దగ్గర?" అని అడిగాడు చివరికి.

ఆమె షాపుకి పోయి, ఎవరూ కొనక అటక మీద పడి ఉన్న పదిహేను అంగుళాల పాత తెర దులిపి తెచ్చింది. దాన్ని బల్ల మధ్యలో పెట్టి ఒకే ఒక్క ధర గీత తెరిచింది.

"ఇప్పుడు?"

అతను నాలుగు మూలలూ వేలితో తడిమి చూసుకున్నాడు. "మొత్తం కనపడుతోంది" అన్నాడు. అంటూనే ముఖం రెండు చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆమె అతని పక్కకి కుర్చీ లాక్కుని కూర్చోబోయి ఆగింది. ఎదురుగా, అతనికి కనిపించే చోటికి వచ్చి నిలబడింది.