మోకాలి లోతు నీళ్లు

మసిపట్టిన అన్నం గిన్నెను తోబా సరస్సు ఒడ్డున కూర్చుని ఇసుకతో రుద్దుతోంది తియోమినా. గోళ్ల సందుల్లో నలుపు దిగింది. "సెలవులకొచ్చి కూడా ఆ ముఖమేంటి? నలుగురూ చూస్తే నేనేదో రాచిరంపాన పెడుతున్నా అనుకుంటారు" అన్నాడు పొద్దున భర్త జోంగి. అప్పుడామె ముఖంలో కోపం లేదు. కట్టెల పొగకి కళ్లు మండాయంతే.

ఏటా స్కూళ్లకి సెలవులివ్వగానే మెడాన్ నగరం నుంచి అత్తింటివాళ్లంతా కారు వేసుకుని ఇక్కడికొచ్చి గుడారాలు వేస్తారు. ఇంట్లో చేసే పనే కుళాయి లేకుండా, గ్యాస్ పొయ్యి లేకుండా చేయడాన్ని సెలవు అంటారని ఆమెకు పెళ్లయ్యాకే తెలిసింది. పొద్దున అందరూ జలపాతం చూడ్డానికి బయల్దేరుతుంటే, "సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా" అంది అత్తగారు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ తనే. బడిలోనూ అంతే. ఆమెలాంటి టీచర్లు తొమ్మిదిమంది ఉన్నా, అతిథులొస్తే "ఎవరైనా కాస్త కాఫీ పెట్టండి" అని హెడ్మాస్టరు ఆమె వైపే చూస్తాడు. పెద్దపిల్ల పుట్టిన రోజునుంచీ ఇంటిల్లిపాదికీ ఆమె 'లాస్మా వాళ్లమ్మ'. తియోమినా అన్న పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా లేదు.

జలపాతం నుంచి తిరిగొచ్చిన మగవాళ్లు కల్లు ముంతలు దింపి గిటారు అందుకున్నారు. ఆరేళ్ల కొడుకు సహాత్ ఈత ట్యూబు పట్టుకుని నీళ్లలోకి పరుగెత్తాడు.

"వాణ్ణి ఒక్కణ్ణీ వదలకండి. ఇక్కడ నాలుగడుగులు దాటితే లోతు" అందామె.

"నేను చూస్తున్నాగా! నువ్వు చేపల సంగతి చూడు. ఆకలి దంచేస్తోంది" అన్నాడు జోంగి.

రెండో చేప పొట్ట చీలుస్తూ ఎందుకో తలెత్తింది. ట్యూబు దూరంగా, ఖాళీగా తేలుతోంది. అరిచిందో లేదో ఆమెకే తెలియదు. చేతిలో కత్తి ఎక్కడ పడిందో తెలియదు. ఇదే సరస్సు అవతలి ఒడ్డున పుట్టిన మనిషి; కట్టుబట్టలతో దూకేసింది. అడుగున పచ్చటి చీకట్లో వెతికి వెతికి, చేతికి తగిలిన చొక్కాను గుప్పెట బిగించి పైకి లాగింది. పిల్లాడి పెదాలు నీలంగా ఉన్నాయి.

ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చేసరికి జోంగి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఆమె చేతుల్లోంచి కొడుకుని లాక్కుని పైకి పరుగెత్తాడు. పక్క గుడారాలవాళ్లు మూగారు. ఎవరో వాడి వీపు మీద తట్టారు. పిల్లాడు నీళ్లు కక్కి, ఏడ్చాడు. తియోమినా నీళ్లలోనే చతికిలబడింది. ఆమెకు తువ్వాలు తెచ్చి ఇచ్చింది లాస్మా ఒక్కతే.

"నీ కళ్లెక్కడ పెట్టుకున్నావ్?" ఒడ్డు మీంచి అరిచాడు జోంగి. "కన్నతల్లివేనా అసలు!"

తడిబట్టల్తోనే మిగిలిన చేపలు వేయించింది. భోజనాల దగ్గరికొచ్చేసరికి కథ తయారైపోయింది. "ట్యూబులో వీడు కనపడకపోయేసరికి ఒక్క ఉదుటున దూకేశా" అని పక్క గుడారాయనకి కల్లు పోస్తూ చెబుతున్నాడు జోంగి. "నా కొడుకే లేకపోతే ఈపాటికి ఇంటి దీపం ఆరిపోయేది" అని ముక్కు చీదింది అత్తగారు.

"అమ్మ తీసింది నన్ను" అన్నాడు సహాత్, దుప్పట్లోంచి.

జోంగి నవ్వాడు. "భయంతో వీడికి ఏదీ గుర్తులేదు. ఎవర్రా తీసింది? సరిగ్గా చెప్పు."

పిల్లాడు తల్లి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. మరిది ఫోన్లో బంధువులకి వీడియో కాల్ కలిపి ముందు పెట్టాడు. "నాన్న తీశాడు" అన్నాడు సహాత్. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇన్నేళ్లలో ఆమె మింగినవి చాలా ఉన్నాయి. ఇది గొంతు దిగలేదు. పళ్లాలు కడుగుతుంటే పన్నెండేళ్ల లాస్మా పక్కన కూర్చుంది. "నేను చూశానమ్మా. నాన్న మోకాళ్ల దాకే దిగాడు. నువ్వెందుకు చెప్పవు?" అడగకుండానే ఒక పళ్లెం అందుకుని కడగడం మొదలుపెట్టిన కూతురి చేతుల్ని చూసి, తియోమినా ఆ పళ్లెం వెనక్కి లాక్కుంది.

మర్నాడు పొద్దున గుడారాలు విప్పారు. సామానంతా కారెక్కింది.

"లాస్మా వాళ్లమ్మా, ఎక్కు. పొద్దెక్కుతోంది" హారన్ కొట్టాడు జోంగి.

"మీరు వెళ్లండి. అవతలి ఒడ్డుకి పడవ ఉంది. నేనూ లాస్మా మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాం."

"ఇదేం వేషం? ఎప్పుడొస్తావ్?"

"తెలీదు."

అత్తగారు కారు అద్దం దింపింది. "మరి పిల్లాడు? వాణ్ణెవరు చూసుకుంటారే?"

తండ్రి పక్కన కూర్చున్న సహాత్ వైపు చూసింది తియోమినా. చేతులు వాడికోసం లేచిపోతుంటే కూతురి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"వాడికేం భయం అత్తయ్యా? నీళ్లలో దూకి ప్రాణం కాపాడిన తండ్రి ఉన్నాడుగా."