అర్ఘ్యమిచ్చిన దిక్కు

మొగల్తూరు దాటి పేరుపాలెం సముద్రతీరానికి రొట్టెల బండి చేరేసరికి మబ్బుల చాటున పొద్దు వాలిపోయింది.

అది ఒకప్పుడు రాజమండ్రిలో ఒక బేకరీకి బన్నులు మోసిన మెటడార్ వ్యాను. ధవళేశ్వరంలో తెలుగు పండితులుగా పనిచేసి విరమించిన రామావధానులు గారు దానిని కొని, పసుపునీళ్లతో కడిగించి, లోపల చెక్కమంచం, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, ఒక మూల దేవుడి పీఠం అమర్చారు. అత్తగారు మంచం పట్టిన నాటినుండి ఆమె కన్నుమూసే వరకు ఆయన భార్య సంపూర్ణమ్మ అద్దెయింటి మేడమీది రెండు గదులు దాటి ఎరుగదు. గోదావరి వెంట ఎన్ని రేవులున్నాయో అన్నీ నీకు చూపిస్తానని ఆయన మాట ఇచ్చారు. ఆనకట్ట పక్క తోటలోను, కోటిపల్లి రేవులోను, యానాం ఒడ్డు పార్కులోను, ఉప్పాడ ఇసుకమీదను బండి నిలిపి, వారు వండుకుని, పారాయణ చేసుకుని, నీళ్ల చప్పుడు వింటూ నిద్రించారు. ఏభై దాటిన వయసులో తనకు బాల్యం తిరిగివచ్చినట్లు సంపూర్ణమ్మకు తోచేది.

రెండువేల ఒకటో సంవత్సరం, జ్యేష్ఠమాసం చివర. పేరుపాలెం చూడాలన్న కోరిక ఆమెదే. ఆయన కొంత తటపటాయించి, "తెలిసిన దారి కాదే సంపూర్ణా," అని, మరునాడు బయలుదేరదీశారు.

దారిలో ఒక చోట బాతుల మంద కుడిపక్క చేలోంచి రోడ్డెక్కింది. సంపూర్ణమ్మ "ఏమండీ!" అని కేక పెట్టేదాకా ఆయన బ్రేకు నొక్కలేదు. బాతులు తోలే మనిషి చేతులు చాచి మందకు అడ్డంగా నిలబడిపోయాడు. బండి అతనికి మూరెడు దూరంలో ఆగింది.

"ఆ బాతులకి హారన్ కూడా వినపడదా?" అన్నారు అవధానులు గారు నవ్వబోతూ. ఆ నవ్వులో తడబాటు ఉంది. ఈ మధ్య పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసును ఆయన మోచేత్తో పడదోయడం, బండి తలుపు అంచు భుజానికి తగిలించుకోవడం ఆమెకు గుర్తుకు వచ్చాయి. అడగలేదు.

తీరంలో సరుగుడు తోపుకు కాపలా ఉండే సూరమ్మ బిందెతో ఎదురొచ్చి, బండిమీద సగం చెరిగిన రొట్టె బొమ్మ చూసింది.

"బన్నులేమైనా ఉన్నాయాండీ అమ్మగారూ?"

"బన్నుల్లేవమ్మా, మేమే ఉన్నాం."

సూరమ్మ లోపలికి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది. "ఇంటికి చక్రాలు కట్టేసేరేంటండీ! మరి అలిగితే ఎటెళ్తారండీ మీరు?"

"ఎటెళ్తాను? ఆయన పక్కనే కూచుని అలుగుతాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. నీళ్లకు తోపులోని బోరింగుదాకా తోడువెళ్తూ సూరమ్మ చెప్పింది: "పొద్దున్నే ఎండ కొడతాదండి, తలుపు అటేపు పెట్టకండి. ఇక్కడ పొద్దు సముద్రంలోంచి రాదండి. ఇదిగో, ఈ తోపు మీంచే వత్తాది. సముద్రం మాకు దచ్చిణం."

అవధానులు గారు అప్పుడు బండిలో దీపం వెలిగించుకుంటున్నారు. ఈ మాట ఆయన వినలేదు.

తెల్లవారింది. ఆకాశమంతా మబ్బు. పర్వదినం కాని రోజున సముద్రాన్ని తాకరాదన్న నియమం గల మనిషి గనుక, నరసాపురం రేవులో పట్టిన గోదావరి నీళ్ల చెంబు పుచ్చుకుని ఆయన పొడి ఇసుకమీద నిలబడ్డారు. కెరటాల వైపు ముఖం పెట్టి, దోసిలి పైకెత్తి, గాయత్రి చెబుతూ అర్ఘ్యం విడిచారు.

స్టవ్వు దగ్గరున్న సంపూర్ణమ్మ చేయి ఆగిపోయింది. అటు దక్షిణం. పితృదేవతల దిక్కు. తర్పణమేమో అనుకుంది, కాని ఈ రోజు అమావాస్య కాదు, చెబుతున్నది గాయత్రి. ఉప్పాడలో సముద్రం తూర్పున ఉండేది. ఇక్కడా అంతేననుకున్నారు కాబోలు.

అంతలో తోపు మీద మబ్బు విడి సూర్యబింబం బయటపడింది. ఆయన ఎడమ చెంప ఎర్రగా వెలిగింది. నీడ కుడివైపున ఇసుకమీద బారుగా పడింది. నలభై ఏళ్లుగా సంధ్య తప్పని ఆ మనిషి సూర్యుడి వైపు తల తిప్పలేదు. రెండో దోసిలి కూడా సముద్రానికే విడిచారు.

ఆమెకు అంతా అర్థమైంది. ఎదుట ఉన్నది తప్ప ఆయనకు పక్కలు కనబడటం లేదు.

చెబితే బండి అమ్ముడుపోతుంది. మళ్లీ ఆ మేడ, ఆ రెండు గదులు. చెప్పకపోతే? ఈ పూట కాలవగట్టు మీదుగా ప్రయాణం. ఒకవైపు నీళ్లు, ఇంకొకవైపు పల్లం. కాసేపు నోరు మూసుకోవాలనే అనిపించింది ఆమెకు. దేవుడి ఎదుట దాచవలసిన పని లేదు గనుక, అనిపించిందని తరువాత ఆమే ఒప్పుకుంది. కాని చేతులు చాచి నిలబడ్డ ఆ బాతుల మనిషి కళ్లముందునుండి కదలలేదు.

ఆమె ఇసుకలో నడిచివెళ్లి, భర్త భుజాలు పట్టుకుని, మెల్లగా ఎడమకు తిప్పింది.

"ఏమండీ, తూర్పు ఇటండీ."

వెలుగు ముఖం నిండా పడింది. మూడో దోసిలిలోని నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"నిన్న బాతుల దగ్గర అనుమానం. ఇప్పుడు తెలిసింది. మీకు?"

"కిందటి కార్తీకం నుంచి." ఆయన గొంతు తగ్గింది. "గొట్టంలోంచి చూసినట్టుంటుందే. చెబితే బండి పోతుంది. బండి పోతే నువ్వు మళ్లీ ఆ గదుల్లో..."

"నా కోసమా దాచారు?"

"మరెవరి కోసం?"

కోపం, దుఃఖం ఒక్కసారే వచ్చాయామెకు. "నిన్న ఆ మనిషికి తగిలుంటే, అతని పెళ్లానికి ఏం చెప్పేవారండీ? మా ఆవిడకి రేవులు చూపిస్తున్నాననా?"

ఆయన సూర్యుడికి ఎదురుగా నిలబడి, ఖాళీ దోసిలి ముందుకు చాచి, "ప్రాయశ్చిత్తార్ఘ్యం ఇవ్వాలి. నీళ్లు పొయ్యి," అన్నారు. ఆమె చెంబు వంచింది. ఈసారి ధార తూర్పుకే పడింది.

తరువాత ఆయన జంధ్యానికి కట్టుకున్న బండి తాళంచెవిని వెతికి పట్టుకున్నారు. ముడి విప్పడానికి వేళ్లు సాగలేదు. సంపూర్ణమ్మ సాయం చేయబోలేదు. అది ఆయనే విప్పవలసిన ముడి. విప్పి, ఆమె అరచేతిలో పెట్టారు.

"మొగల్తూరునుంచి డ్రైవర్ని పిలిపిద్దాం. ముందు రాజమండ్రి వెళ్లి కళ్లు చూపించుకోవాలండీ," అంది.

"చూపులో మిగిలేదేదో, పోయేదేదో ఆ సూర్యుడి దయ. ఆ తరువాత?"

ఆమె తాళంచెవి వంక చూసింది. సముద్రం వెనక్కి తగ్గి, తడి ఇసుక గచ్చులా బిగిసివుంది. మనిషి జాడ లేదు.

"క్లచ్ ఏదండీ?"

అవధానులు గారు తెల్లబోయారు. ఆమె స్టీరింగ్ ముందు కూర్చోగానే, ఎన్నో ఏళ్లు పిల్లలకు పద్యం వల్లెవేయించిన కంఠం పక్క సీటులోంచి పలికింది. "ఎడమకాలు. ఊఁ, అదుము. నెమ్మదిగా వదులు. నెమ్మదీ అంటే అది కాదే!" బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. లోపల గిన్నెలన్నీ దొర్లాయి.

"బాబోయ్! ఇల్లు పారిపోతందండోయ్!" తోపులోంచి సూరమ్మ కేక.

నాలుగోసారి ఇంజన్ గుర్రుమని సాగింది. ఆయన తలవంచి ఆ చప్పుడునే వింటూ, "ఇప్పుడు రెండో గేరు అడుగుతోంది, వెయ్యి," అన్నారు. వేసింది. చక్రాలు తడి ఇసుకమీద మెత్తగా దొర్లాయి.

"ఎటు పోతున్నామే సంపూర్ణా?"

ఎండ కళ్లలో పడుతుంటే ఆమె అరచేయి అడ్డం పెట్టబోయి, గభాలున మళ్లీ రెండు చేతులతోను స్టీరింగ్ పట్టుకుంది.

"తూర్పుకేనండీ."