బ్యాండు బండికి కొబ్బరికాయ

హై టైడ్ బ్యాండుకు నన్ను మేనేజరుగా ఎవరూ పెట్టలేదు. నాకు నేనే అయ్యాను. లెక్కల టీచరుగా కాకినాడ నుంచి దక్షిణాఫ్రికాలోని మార్‌బర్గ్ వచ్చిన ఆరో నెలలో ఒక పెళ్లికి పిలిచారు. అక్కడ బియాంకా పాడింది. పందొమ్మిదేళ్ల పిల్ల, చూస్తే చీపురుపుల్లలా ఉంటుంది, గొంతు మాత్రం హాలు కప్పు లేపేసింది. నేను బిర్యానీ ప్లేటు అక్కడే వదిలేసి స్టేజీ ముందుకు పోయి నిలబడిపోయాను. పాట అవగానే గిటారు వాయిస్తున్న వాళ్ల నాన్న ఎర్నెస్ట్‌ను పట్టుకుని, "మీ మేనేజరు ఎవరు?" అని అడిగాను. ఎవరూ లేరన్నాడు. "ఇప్పుడున్నారు" అన్నాను.

మా ఆయన ఒకటే నవ్వు. "తా దూర సందు లేదు, మెడకో డోలు. ఈ ఊళ్లో బ్యాంకుకు దారి తెలియదు నీకు. నువ్వు బ్యాండు నడుపుతావా?" తెలియకపోతే అడుగుతాను, నా నోరేమైనా పడిపోయిందా?

బ్యాండులో నలుగురే. ఎర్నెస్ట్ పగలు ఎలక్ట్రీషియన్. అతని తమ్ముడి కొడుకు బ్రాడ్లీ డ్రమ్స్ వాయిస్తాడు. ఎర్నెస్ట్‌తో కలిసి పనిచేసే సిబుసిసో కీబోర్డు. పాట బియాంకాది. ఎర్నెస్ట్ ముత్తాత చెరకు తోటల్లో పనికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఇంట్లో ఇప్పుడంతా ఇంగ్లీషే. తెలుగు మిగిలింది ఎర్నెస్ట్ తల్లి బియాట్రిస్ అవ్వ నోట్లో, అదీ తిట్టేటప్పుడూ ప్రార్థన చేసేటప్పుడూ.

డర్బన్‌కు ఒక్క అవకాశం ఇమ్మంటూ పదకొండు ఉత్తరాలు రాశాను. ఫోన్లు ఎన్ని చేశానో లెక్కల టీచర్నయి ఉండి కూడా లెక్కపెట్టలేదు. చివరికి అక్కడ కచేరీలు ఏర్పాటు చేసే వెలరీ అనే ఆవిడ దిగొచ్చింది. నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ కలిసి మొదటిసారి ఓటేసి రెండేళ్లయిన సందర్భంగా ఏప్రిల్ ఇరవై ఏడున సముద్రం ఒడ్డున పెద్ద కచేరీ. మధ్యాహ్నం రెండింటికి మాకు ఇరవై నిమిషాలు ఇచ్చింది. రేడియోలో లైవ్. "ఆలస్యమైతే మీ వెనకవాళ్లు ఎక్కేస్తారు, మళ్లీ నాకు ఫోన్ చెయ్యొద్దు" అని కూడా అంది. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆగలేదు. పెళ్లిళ్లలో పాడే పిల్ల గొంతు దేశమంతా వింటుంది. ఇంకేం కావాలి?

కచేరీ నాడు, శనివారం పొద్దున్నే ఎర్నెస్ట్ ఇంటి ముందు అద్దె వ్యాను ఆగి ఉంది. సామానంతా ఎక్కించారు. నేను సంచి విప్పాను. వ్యాను ముందు భాగానికి పసుపు రాసి కుంకుమ పెట్టాను. డ్రమ్ముకో బొట్టు, స్పీకర్లకో బొట్టు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. దిష్టి తీసి కొబ్బరికాయ రోడ్డు మీద ఠపీమని కొట్టాను. కాయ కుళ్లలేదు, తెల్లగా పగిలింది. నా సంతోషం చూడాలి. బ్రాడ్లీ చప్పట్లు కొట్టాడు, సిబుసిసో కొబ్బరి ముక్క ఏరుకుని తిన్నాడు. ఎర్నెస్ట్ మొహం మాత్రం పాలిపోయింది.

వాళ్లు బాప్టిస్టులని నాకు తెలియక కాదు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్తారనీ తెలుసు. కానీ మా వైపు కొత్త ప్రయాణమంటే చేతులు వాటంతటవే కొబ్బరికాయ వెతుక్కుంటాయి. బండికి మతమేమిటి అనుకున్నాను. అడగాలని తట్టనే లేదు.

అవ్వ గుమ్మంలోకి వచ్చింది. వ్యాను చూసింది, డ్రమ్ము చూసింది, నన్ను చూసింది.

"యేటమ్మా ఇది? నా యింటి ముందర యేటి సేసినావు?"

నేను జవాబు చెప్పేలోపే అవ్వ బియాంకా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తలుపు పడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నేనేమైనా దొంగతనం చేశానా? కాయే కదా కొట్టాను" అని ఎర్నెస్ట్ మీద విరుచుకుపడ్డాను. అతను తల దించుకుని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల తాత నదిలో మునిగి బాప్టిజం తీసుకున్న రోజు నుంచి ఆ ఇంట్లో కాయ కొట్టలేదు. అందుకు బంధువులందరూ వాళ్లను వెలివేశారు, అయినా కొట్టలేదు. "రేపు చర్చిలో అందరూ నిలదీసేది మా అమ్మనే, టీచర్. అమ్మ వద్దంటే బియాంకా రాదు. బియాంకా లేకపోతే బ్యాండు లేదు."

గడియారం చూశాను. పది దాటింది. డర్బన్ నూట ఇరవై కిలోమీటర్లు. ఆ పిల్ల బతుకులో వచ్చిన ఒక్క అవకాశాన్ని నేను నా చేత్తో పగలగొట్టాను.

వెనక గుమ్మం నుంచి వంటింట్లోకి వెళ్లాను. అవ్వ చిక్కుడుకాయలు తుంచుతోంది. బియాంకా మూల స్టూలు మీద కూర్చుని ఏడుస్తోంది.

"తప్పు నాదే అవ్వా. నేను అడగలేదు. తెలుగువాళ్లు కదా, మా వాళ్లే కదా అనుకుని నాకు తోచింది చేసేశాను. నన్ను తిట్టండి. పిల్లని ఆపకండి."

"ఎందుకు కొట్టినావు?"

"భయమేసింది. పిల్లకి ఏమైనా అవుతుందేమోనని, పాట కుదరదేమోనని. నేను పరీక్షకి వెళ్తే మా అమ్మ ఇలాగే కొట్టేది." మా అమ్మ పోయి నాలుగేళ్లని కూడా చెప్పాను.

అవ్వ చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచింది. "నువ్వు పెట్టినావు, నువ్వే తుడు" అంది. బయటికొచ్చి నా చీర కొంగుతో ఒక్కో బొట్టూ తుడిచాను. నిమ్మకాయలు మాత్రం పారేయనివ్వలేదు, ఊరగాయకి పనికొస్తాయని లోపల పెట్టించింది.

ఆ తర్వాత వ్యాను మీద చెయ్యేసి కళ్లు మూసుకుంది. ఆ ప్రార్థన ఇరవై నిమిషాలు. నేను దొంగచాటుగా గడియారం చూస్తూనే ఉన్నాను.

"పెబువా, ఎర్నెస్ట్ కళ్లు సరిగ్గా లేవు, రోడ్డు నువ్వే సూడు. సిబుసిసో తల్లి మోకాలు నొప్పి తీసెయ్యి. బ్రాడ్లీకి బుద్ధియ్యి. ఈ పిల్ల గొంతు నువ్విచ్చినావు, నువ్వే కాసుకో. ఈ టీచరమ్మకి అమ్మ లేదంట. అందికే బయపడినాది. దానికి నేనున్నానని సెప్పు, పెబువా."

గడియారం మీద నుంచి నా చూపు జారిపోయింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

"సరే, హంబా, హంబా. పదండి" అంటూ మమ్మల్ని తరిమింది. తీరా ఆవిడే ఆదివారం టోపీ పెట్టుకొచ్చి ముందు సీట్లో కూర్చుంది. బయల్దేరేసరికి పదకొండున్నర. దారంతా అవ్వ బియాంకా వైపు తిరిగి చూడలేదు. అవ్వ వచ్చింది సరే, పాడమని మాత్రం అనలేదు.

డర్బన్ చేరేసరికి ఒకటిన్నర. ఇసుక కనపడనంత జనం, ఎక్కడ చూసినా కొత్త జెండాలు. వెలరీ మా వాళ్లను పైకి తోసింది. అవ్వా నేనూ స్టేజీ పక్కన నిలబడ్డాం.

ఎర్నెస్ట్ మొదలుపెట్టాడు. డ్రమ్స్ అందుకున్నాయి. బియాంకా పాడాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. నోరు తెరవలేదు. ఎర్నెస్ట్ మళ్లీ మొదటికొచ్చాడు. రేడియోలో దేశమంతా వింటోంది. ముందు వరసల్లో గుసగుసలు. ఆ పిల్ల జనాన్ని చూడటం లేదు, తండ్రిని చూడటం లేదు. మెడ తిప్పి అవ్వనే చూస్తోంది.

నేను అవ్వను బతిమాలబోయి ఆగిపోయాను. ఇది నేను తోయగలిగింది కాదు.

అవ్వ టోపీ సర్దుకుని ఒక అడుగు ముందుకేసింది. "యేటి సూస్తావే? అంతమంది నిలబడ్డారు. పాడు" అని గదిమింది.

బియాంకా పాడింది. పెళ్లిలో విన్నది ఆ గొంతులో సగం కూడా కాదు. రెండో చరణానికి ఒడ్డంతా లేచి ఊగుతోంది. సిబుసిసో నవ్వుతూనే వాయిస్తున్నాడు. నేను చెప్పులు వదిలేసి గెంతుతున్నాను, బడిలో పిల్లలు చూస్తే ఇక నా మాట వినరు.

అవ్వ గెంతలేదు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, స్టేజీ మీద నుంచి కళ్లు తిప్పకుండా, "ఎలగ పాడతందో సూడు, మన పిల్ల" అంది.