దేవేంద్రప్ప అనని మాట

పోలీసు జవాను హుస్సేన్ సాహెబ్‌కు భయం కొత్త కాదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన ఇన్‌స్పెక్టరుకు భయపడ్డాడు, ఇన్‌స్పెక్టరు గుర్రానికి భయపడ్డాడు, నెత్తిమీది ఎర్రటోపీ పక్కకు ఒరిగితే ఎవరేమంటారోనని ఆ టోపీకి కూడా భయపడ్డాడు. అంత పిరికివాడికి దేవుడు అంత గొంతు ఎందుకిచ్చాడో మరి! పీర్ల పండుగ వస్తే చావిడి ముందు కర్బలా కథ ఆయనే చెప్పాలి. గుక్కెడు నీళ్ళు లేక పసిబిడ్డ అల్లాడిపోయే ఘట్టం ఆయన నోట వింటుంటే కులం మతం లేకుండా ఊరంతా వెక్కి వెక్కి ఏడ్చేది. చదువు చూస్తే సంతకం వరకే. జ్ఞాపకం మాత్రం అసాధ్యమైన జ్ఞాపకం. ఎంత పొడుగు మాటైనా ఒక్కసారి చెవిన పడితే చాలు, మధ్యలో వచ్చిన దగ్గుతో సహా తిరిగి అప్పజెప్పేవాడు.

ఈ సంగతి పోలీసు స్టేషనుకు తెలియకుండా ఉంటుందా? ఉపన్యాసాలను అప్పటికప్పుడు రాసుకునే గుమాస్తాలు మద్రాసులో ఉంటారు గానీ, ఒంటిమిట్ట పక్క కొండల కింద పడి ఉన్న ఆ తాలూకాకు ఎవరొస్తారు? అందుకని ఎక్కడ సభ జరిగినా హుస్సేన్ సాహెబ్‌నే పంపేవారు. ఆయన విని వచ్చి చెబుతుంటే స్టేషను రైటరు రాసుకునేవాడు.

అది పందొమ్మిది వందల ఇరవై ఒకటి, ఎండాకాలం. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. మేకలకూ గొర్రెలకూ కొండే దిక్కు. కొండ మీద మేపాలంటే సర్కారుకు పుల్లరి కట్టాలి. కట్టకపోతే అడవి గార్డులు మందను తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవారు. ఆ గార్డుల్లో ఒకడు హుస్సేన్ సాహెబ్ అల్లుడు నూర్ బాషా. ఊరికి రెండు మైళ్ళలో, కొండ మొదట్లో, బోదగడ్డి కప్పిన సర్కారు చౌకీలోనే వాళ్ళ కాపురం. కూతురు మాబున్నీసాకు అప్పుడు తొమ్మిదో నెల. తల్లి లేని పిల్ల. పుట్టింట్లో చూసుకునే ఆడదిక్కు లేక కాన్పుకు కూడా అక్కడే ఉండిపోయింది. హుస్సేన్ సాహెబ్‌కు ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క కూతురే.

పుల్లరి మీద మాట్లాడడానికి దేవేంద్రప్ప వచ్చాడు. కర్నూలు వైపు మనిషి. బడిపంతులు ఉద్యోగం వదిలేసి ఖద్దరు కట్టాడు. బక్కగా ఉంటాడు, గొంతు కూడా అంత గొప్పదేం కాదు. జనం వెనక నిలబడ్డ హుస్సేన్ సాహెబ్, ఈయన మాట ఎవరు వింటారులే అనుకున్నాడు. దేవేంద్రప్ప అందరిలాగా నమస్కారాలతో మొదలుపెట్టలేదు. ముందు వరసలో కూర్చున్న సుంకులమ్మ అనే గొల్ల ముసలామెను చూసి, "అవ్వా, నీకెన్ని మేకలుండాయి?" అని అడిగాడు.

"పదకొండు ఉండె నాయనా. బందెలదొడ్డిలో ఏడు సచ్చిపాయ."

"ఆ కొండను ఎవురు పెంచినారవ్వా?"

"ఎవురూ పెంచలేదు."

"ఆ గడ్డికి ఎవురు నీళ్ళు పోసినారు?" అని ఈసారి జనం వైపు తిరిగాడు. "ఎవురూ పోయలేదు" అని పదిమంది అన్నారు. "ఆ వానను ఎవురు పిలిపించినారు?" అంటే "ఎవురూ లేదు!" అని వందమంది అరిచారు. "మరి పుల్లరి ఎవురికి? మన దుడ్లు ఎవురికి?" అని ఆయన చేతులు చాచేసరికి సభంతా లేచి నిలబడింది. హుస్సేన్ సాహెబ్ ఒళ్ళు ఝల్లుమంది. ఆ మనిషి ఎవరికీ ఏమీ బోధించలేదు. వాళ్ళ నోటితోనే వాళ్ళకు చెప్పించాడు. తాను ముప్పై ఏళ్ళుగా కథ చెబుతూ పట్టుకోలేకపోయిన కిటుకు అది.

అప్పుడు దేవేంద్రప్ప గొంతు తగ్గించాడు. "పుల్లరి కట్టొద్దండి. తిడితే తిట్టనీండి, కొడితే కొట్టనీండి. మీరు మాత్రం చెయ్యెత్తొద్దండి. చెయ్యెత్తినోడు నా మనిషి గాదు."

జనం కొంచెం నీరుగారి మళ్ళీ కూర్చున్నారు. అయితేనేం, ఆ వారమంతా ఎవరూ పుల్లరి కట్టలేదు, ఎవరూ ఒక్క రాయి విసరలేదు. సర్కారుకు అదే కంటగింపయింది. దేవేంద్రప్పను అరెస్టు చేశారు.

స్టేషనులో హుస్సేన్ సాహెబ్ ఉపన్యాసం మొత్తం అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టరు విని, రైటరును బయటికి పంపి, తలుపు వేయించాడు. 

"సాయిబూ, పుల్లరి కట్టొద్దన్నందుకు పడేది ఆర్నెల్లే. బయటికొచ్చి మళ్ళా ఇదే కూత కూస్తాడు. ఆ చివరి మాట తీసెయ్. చెయ్యెత్తొద్దు అన్లేదు. చౌకీకి అగ్గి పెట్టండి అన్నాడు. కోర్టులో అట్ల చెప్పు."

"ఆయప్ప అట్ల అన్లేదు గదా దొరా."

"అన్నాడని నేను చెప్తాండా." ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు. "నీ అల్లుడు గార్డే గదా? అడవి రేంజరు నా మాట తీసెయ్యడు. రేపు వాణ్ణి పనిలోంచి తీసి చౌకీ ఖాళీ చెయ్యమంటే, నిండు చూలాలిని యాడ పెట్టుకుంటావు? ఈ ఎండల్లో, రోడ్డు మీదనా?"

ఆయన గొంతు పెంచలేదు, తిట్టలేదు. అందుకే హుస్సేన్ సాహెబ్‌కు ఇంకా భయం వేసింది. తల ఊపి బయటికొచ్చాడు.

కోర్టుకు ముందురోజు కూతుర్ని చూడడానికి చౌకీకి వెళ్ళాడు. మాబున్నీసా పొట్ట పట్టుకుని మెల్లగా నడిచివచ్చి చెంబుతో నీళ్ళిచ్చింది.

"ఏం నాయనా, మొగం అట్ల పీక్కపోయిందే?"

"ఏం లేదమ్మా. ఎండ."

ఆ నీళ్ళు తాగుతూ పైకప్పు వంక చూశాడు. ఈ కప్పు నా కూతురి నెత్తిన నిలిస్తే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాడు. కోర్టులో దేవేంద్రప్ప ఎలాగూ కాదంటాడు, ఇద్దరి మాటల్లో నిజమేదో మేజిస్ట్రేటే తేల్చుకుంటాడు, తన పాపం సగమైనా తగ్గుతుంది అని సమాధానం చెప్పుకున్నాడు. పిరికివాళ్ళకు ఇటువంటి సమాధానాలు బాగా దొరుకుతాయి.

మర్నాడు కోర్టు కిక్కిరిసింది. లోపల చోటు చాలక కిటికీల బయటా, వాకిట్లోనూ, గోడల మీదా మనుషులే. మేజిస్ట్రేటు అడగ్గానే దేవేంద్రప్ప చేతులు కట్టుకుని, "ఈ కోర్టును నేను ఒప్పుకోను. ఈడ నా తరఫున ఒక్క మాట మాట్లాడను" అన్నాడు. సహాయ నిరాకరణ వాళ్ళ పట్టు అది. హుస్సేన్ సాహెబ్ అనుకున్నది తలకిందులైంది. ఇక కాదనే మనిషి లేడు. తాను ఏది చెబితే అదే నిజం.

బోనెక్కి అల్లా సాక్షిగా ప్రమాణం చేశాడు. గొణుగుతూ చెప్పేసి దిగిపోదామనుకున్నాడు గానీ రెండు ముక్కలు చెప్పేసరికి మేజిస్ట్రేటు విసుక్కున్నాడు. "వినపడడం లేదు. గట్టిగా చెప్పవయ్యా!" గట్టిగా చెప్పడమంటే హుస్సేన్ సాహెబ్‌కు ఒకటే దారి తెలుసు. గొంతు చావిడి ముందు లేచినట్టే లేచింది.

"అవ్వా, నీకెన్ని మేకలుండాయి?"

కిటికీ అవతల సుంకులమ్మ బావురుమంది.

"ఆ గడ్డికి ఎవురు నీళ్ళు పోసినారు?" అనగానే "ఎవురూ పోయలేదు!" అని బయటినుంచి జనం బదులిచ్చారు. బంట్రోతు "సైలెన్స్!" అని అరిచాడు. ఎవరూ పట్టించుకోలేదు. హుస్సేన్ సాహెబ్ ఆపలేకపోయాడు. ఆపితే ఎక్కడ మరిచిపోతాడో, మరిచిపోతే ఇన్‌స్పెక్టరు ఏం చేస్తాడో! ముందు బెంచీ మీద ఇన్‌స్పెక్టరు ఆయన్నే చూస్తున్నాడు. "మరి పుల్లరి ఎవురికి? మన దుడ్లు ఎవురికి?" మాట అంత ఎత్తున నిలిచింది. అనని మాట అక్కడ అతకదని, నోట్లోనే తడబడిపోతుందని అన్ని రోజులూ బెంగపడ్డాడు.

"చౌకీకి అగ్గి పెట్టండి!"

అతికింది. అసలు మాట కంటే బాగా అతికింది. సభలో దేవేంద్రప్ప జనం కోపాన్ని లేపి, తానే చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. ఈ మాట కూర్చోబెట్టలేదు. జనం ఎదురుచూస్తున్నది ఇదేనని హుస్సేన్ సాహెబ్‌కు వాళ్ళ మొహాల్లో కనపడింది. 

దేవేంద్రప్ప ఉలిక్కిపడి ముందుకు వంగాడు. పెదవులు విడివడ్డాయి. అంతలో తన పట్టు గుర్తొచ్చిందేమో, ముద్దాయి బోను కమ్మీని రెండు చేతులా బిగించి పట్టుకుని నోరు మూసుకున్నాడు. నోరు విప్పవయ్యా మహానుభావా, అబద్ధమని ఒక్క అరుపు అరవవయ్యా అని హుస్సేన్ సాహెబ్ లోపల మొత్తుకున్నాడు. ఆయన అరవలేదు. జనం ఆ మౌనం చూసి, అన్నాడన్నమాటే అనుకున్నారు.

మూడేళ్ళు శిక్ష పడింది. అల్లరి జరుగుతుందేమోనని స్టేషనులో ఉన్న జవాన్లందరినీ కాపలా పెట్టుకుని, ఇన్‌స్పెక్టరు వెనక వాకిలి నుంచి దేవేంద్రప్పను కడప జైలుకు తరలించాడు. హుస్సేన్ సాహెబ్ వాంగ్మూలం కింద సంతకం పెట్టి బయటికొచ్చేసరికి వాకిలి బోసిగా ఉంది. బంట్రోతు దాసన్న ఒక్కడే గడప మీద కూర్చుని చుట్ట వెలిగిస్తున్నాడు.

"దాసన్నా, జనమంతా యాడికి పోయిరప్పా?"

"యాడికేముంది, నువ్వు చెప్పిన కాడికే."

హుస్సేన్ సాహెబ్‌కు పై ప్రాణం పైనే పోయింది. ఎర్రటోపీ ఎక్కడ పడిందో చూసుకోకుండా పరుగెత్తాడు. యాభై ఏళ్ళ మనిషి, మిట్ట మధ్యాహ్నం, రెండు మైళ్ళు. అల్లుడు పొద్దున్నే కొండ మీదికి గస్తీకి వెళ్ళి ఉంటాడు. పిల్ల ఒక్కతే ఉంటుంది. అడుగడుక్కీ ఆ ఒక్క మాటే చెవుల్లో మోగింది, అదీ తన గొంతుతోనే.

ఆయన వెళ్ళేసరికి చౌకీ చుట్టూ జనం. చేతుల్లో ఎండుగడ్డి కాగడాలు వెలుగుతున్నాయి. తలుపుకు లోపల గడియ. లోపలినుంచి మాబున్నీసా ఏడుపు సన్నగా వినపడుతోంది. హుస్సేన్ సాహెబ్ జనాన్ని తోసుకుంటూ పోయి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"అప్పా, అమ్మా, ఆగండి! ఆ మాట... దేవేంద్రప్ప అన్లేదు. ఇన్‌స్పెక్టరు... ఇన్‌స్పెక్టరు నేర్పిచ్చినాడు. నేనే కల్పిచ్చి చెప్పినా. అంతా అబద్ధం!"

ఎవరూ కదల్లేదు. ఆయన గొంతు బొంగురుపోయి, మాట మాటకూ తడబడుతోంది. పరాయివాళ్ళ మాటలు అంత గొప్పగా చెప్పే మనిషికి సొంత మాట చెప్పుకోవడం చేతకాలేదు.

సుంకులమ్మ ముందుకొచ్చింది. "సాయిబూ, నీ బిడ్డ లోపల ఉండాదని ఇప్పుడు మాట తిప్పుతాండావు. దేవుని మీద ప్రమాణం జేసి చెప్పినావే, అది అబద్ధమా? అబద్ధమయితే మాకు అంత ఏడుపు ఎట్లొచ్చె?"

సుంకులమ్మ ఆయన్ను పక్కకు జరిపింది.

"నీ బిడ్డను మేమేం జెయ్యం. మాకూ బిడ్డలుండారు" అని సుంకులమ్మే తలుపు తట్టి, బుజ్జగించి గడియ తీయించింది. మాబున్నీసాను భుజం పట్టుకుని నడిపించుకొచ్చి చింతచెట్టు నీడన కూర్చోబెట్టింది. వెనక్కి తిరిగి, "కానీండి" అంది. ఎండిన బోద ఎంతసేపు ఆగుతుంది? కప్పంతా ఒక్కసారిగా అంటుకుని, చూస్తుండగానే నడుం విరిగి లోపలికి కూలింది. జనం కేకలు వేశారు. ఆ కేకల్లో మేకల్ని పోగొట్టుకున్న బాధ ఉంది, ఇన్నాళ్ళూ తల వంచుకున్న కసి ఉంది. రేపు వీళ్ళకు ఏం జరుగుతుందో హుస్సేన్ సాహెబ్‌కు తెలుసు. దేవేంద్రప్ప చౌకీని కాల్చమన్నాడా లేదా అని ఇక ఎవరూ అడగరని కూడా తెలుసు. అప్పటికే కడప రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. కబురందిందేమో, పోలీసులు వెనక్కి తిరిగి వస్తున్నారు.

మాబున్నీసా తండ్రి చెయ్యి పట్టుకుంది. 

"నాయనా, నువ్వు తలుపుకాడ అనిందంతా లోపల్నుంచి విన్యా. నువ్వు కోర్టులో అల్లా మీద ప్రమాణం జేసినావంట గదా?"

"చేసినా."

"ప్రమాణం జేసి నువ్వు అబద్ధం చెప్పవు. నాకు తెల్సు. నన్ను కాపాడేదానికి ఈడ అబద్ధం ఆడినావు. అంతే గదా నాయనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు తల తిప్పి ఆయన వంక చూశారు. సుంకులమ్మ కూడా చూసింది. దుమ్ము దగ్గరవుతోంది. గుర్రం డెక్కల చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు నిజం చెబితే ఇన్‌స్పెక్టరు ఏం చేస్తాడో, ఈ జనం ఏం చేస్తారో, అన్నిటికంటే ఈ పిల్ల ఈ చెయ్యి ఇలాగే పట్టుకుని ఉంటుందో లేదో. హుస్సేన్ సాహెబ్ భయపడ్డాడు.

"అవునమ్మా" అన్నాడు. "ఆయప్పే అన్నాడు."

ఈసారి గొంతు తడబడలేదు. అందరూ నమ్మారు.