లింగం భుజం, సేటు కాలు

సంగారెడ్డి గంజ్‌లో పాండురంగం సేటు చెయ్యి తిరిగిన ధాన్యం వ్యాపారి. బస్తాలోకి గొట్టం పొడిచి, గుప్పెడు గింజలు మచ్చుకు తీసి చూశాడంటే లారీ సరుకు బేరం అయిపోయినట్టే. మచ్చు చూసి మోసపోయాడని ఆయన్ని అన్నవాడు లేడు. ఆ గర్వమే కొంప ముంచింది.

1976లో ఆయన బొటనవేలికి పుండు పడింది. అసలే షుగరు మనిషి. రోజూ కట్టు కట్టించుకోవాలనీ, సూదిమందు తప్పొద్దనీ డాక్టరు చెప్పాడు. నెల తిరిగినా పుండు మానలేదు.

అప్పుడే వడ్లు తెచ్చిన లింగం భుజం పైకెత్తి చూపించాడు. ఇంద్రేశం ఊరి రైతు, ఈమధ్యే పటాన్‌చెరు ఫ్యాక్టరీలో చేరాడు. "మూటలు మోసి పట్టేసిన భుజం సేటు. మా ఫ్యాక్టరీ కాడ జంగయ్యని ఒకడున్నడు, ఎర్రదీపంతోని కాపడం పెట్టిండు, ఇడిసింది. జర్మనీ మిషినంట."

పాండురంగం ఆ భుజాన్ని నొక్కి చూశాడు, తిప్పి చూశాడు. మచ్చు బాగుంది. ఇంకేం, మర్నాడే పటాన్‌చెరు బస్సుకు తయారయ్యాడు.

"పుండుకు గూడ పనిచేస్తదా అని డాక్టరును జెర అడుగుండ్రి," అంది భార్య రుక్మిణి.

"కండ్లార సూసినంక అడిగేదేముంది?"

జంగయ్య మోసగాడేం కాదు. ఆ దీపం మీద అతనికీ నమ్మకమే. కాలికి దగ్గరగా జరిపి, "వేడి ఎక్కువైతే చెప్పు సేటు," అన్నాడు.

"సల్లగనే ఉన్నది. ఇంక దగ్గరికి జరుపు."

వెళ్ళినప్పుడల్లా అదే మాట. వేలు ఎర్రబడితే రక్తం పారుతోందనుకున్నాడు. నల్లబడితే లోపలి చెడు బయటికొస్తోందనుకున్నాడు. నొప్పి లేదు కదా, అదే కొండంత ధైర్యం. కట్టు కూడా మానేశాడు. చివరికి వాసన భరించలేక రుక్మిణి ఏడ్చి గోల చేస్తే గానీ డాక్టరు దగ్గరికి కదల్లేదు పాపం.

డాక్టరు పాదంలో సూది గుచ్చాడు. పాండురంగం గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"గుచ్చింది తెలిసిందా?"

"ఎప్పుడు గుచ్చిండ్రు?"

డాక్టరు సూది పక్కన పెట్టి అడిగితే, పాండురంగం దీపం సంగతంతా చెప్పాడు.

"ఆ దీపం అబద్ధమా సార్?"

"కాదు. పట్టేసిన కండకు కాస్త హాయిగా ఉంటుంది. షుగరు పుండు మాన్పుతుందనడానికి మాత్రం నాకు తెలిసి రుజువు లేదు. మీ కాలికి స్పర్శ పోయింది. కాలుతున్నా తెలియలేదు."

అంతా అబద్ధమైనా బాగుండేది. తిట్టుకోవడానికి ఒకడు దొరికేవాడు. ఒకరి భుజం చూసి తన కాలు అప్పగించినవాడు ఇప్పుడు ఎవరిని తిట్టాలి?

గది బయట రుక్మిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమన్నడు?"

పాండురంగం వంగి, మోకాలి మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు.

"గీడి దాక తీసెయ్యాల్నంట."