పూర్ణచంద్రరావు గారి దుర్మార్గుడు

తెనాలిలో లెక్కల మాస్టారుగా రిటైరైన పూర్ణచంద్రరావు తన మొదటి నవల పూర్తిచేసి, కూతురు బిందుమాధవికి చదవమని ఇచ్చాడు. బాపట్లలో కాపురం వదిలి విడాకులు తీసుకున్నాక ఆమె తండ్రి దగ్గరే ఉంటూ ఓ కాలేజీలో పాఠాలు చెబుతోంది.

ఆదివారం పొద్దున ఆమె చివరి పేజీ తిప్పేసరికి ఆయన కాఫీ గ్లాసుతో ఎదురుగా కూర్చున్నాడు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది నాన్నా. కానీ నీ దుర్మార్గుడి మీద నాకు కోపం రాలేదు."

ఆయన నివ్వెరపోయాడు. "ముగ్గుర్ని చంపాడే! రైసుమిల్లు తగలబెట్టాడే!"

"భయమేసింది. అసహ్యం వెయ్యలేదు. వాడు గుమ్మంలోకి రాగానే ఎలాంటివాడో తెలిసిపోతోంది. తలుపేసుకోవచ్చు."

"మరి ఎవడైతే అసహ్యం వేస్తుంది?"

ఆమె కాగితాలు సర్ది పక్కన పెట్టింది. "ఎప్పుడూ గొంతు పెంచనివాడైతే" అంది.

పెళ్లయిన కొత్తలో ఆమె నవ్వితే పక్క వాటాకి వినిపించేది. "నీ నవ్వంటే నాకు ప్రాణం బిందూ. మావాళ్లు వెనకాల వెక్కిరిస్తుంటేనే భరించలేకపోతున్నా" అన్నాడు భర్త జయకృష్ణ, కళ్లనీళ్లు పెట్టుకుని. అతణ్ణి చూసి జాలిపడి ఆమె నవ్వడం తగ్గించింది. తర్వాత మాట్లాడటమూ తగ్గించింది. చాలాకాలానికి అత్తగారు ధనమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది. "నవ్వడం మానేశావేంటమ్మా? నువ్వు నవ్వుతుంటే ఇల్లు కళకళలాడేది."

"ఎవరూ వెక్కిరించలేదు నాన్నా. ఆ మాట అతను పుట్టించిందే" అంది, అదంతా చెప్పి.

పూర్ణచంద్రరావు గ్లాసు కింద పెట్టాడు. "నాకు ఫోన్ చేసి, బిందు మనసు బాగోలేదు మామయ్యగారూ, మీరేం అడక్కండి, బాధపడుతుంది అనేవాడు. ఎంత ప్రేమో అనుకున్నానమ్మా."

"నాతో ఏమో, మీ నాన్న ఆరోగ్యం అంతంతమాత్రం, ఏమీ చెప్పకు అనేవాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"హంతకుడు తన కత్తి తాను తెచ్చుకుంటాడు నాన్నా. ఇలాంటివాడు మనలో ఉన్న మంచినే తీసుకుని మనమీద వాడతాడు. అందుకే క్షమించబుద్ధి కాదు."

ఆయన లేచి ఆమె తల నిమిరాడు. "నీ కష్టాన్ని కథకి వాడుకోనమ్మా."

"రాయి నాన్నా. పేర్లు మార్చు. చదివినవాళ్లు ఎవరో ఒకరు ముందే మేలుకుంటారు. కానీ మొదట్లో అందరూ వాణ్ణి ఇష్టపడేటట్టు రాయి. మనం ఇష్టపడ్డట్టే."

ఆయన హత్యలన్నీ కొట్టేశాడు. మళ్లీ రాసేసరికి వానాకాలం వెళ్లిపోయింది. కూరలు తరుగుతూ ఆమె సంభాషణలు సరిచేసేది. ఒక్కో పేజీ దగ్గర ఇద్దరూ పని ఆపి, అన్నాళ్లూ చెప్పుకోని సంగతులు చెప్పుకునేవారు.

పుస్తకం వచ్చాక ఓ రోజు రేపల్లె నుంచి కాంతమ్మ అనే పెద్దావిడ రైల్లో వచ్చి తలుపు తట్టింది.

"అది రాసింది మీరేనాండి? మొదట్లో వాణ్ణి మా అల్లుడికంటే ఎక్కువ ఇష్టపడ్డానండి. సంగతి తెలిశాక పుస్తకం విసిరికొట్టాను. నన్ను కూడా మోసం చేశాడండి!"

బిందుమాధవి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కాంతమ్మ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఆ పిల్ల ఇల్లు వదిలేసిందని రాసి ఆపేశారు. తర్వాత ఏమైందండి? నాకు నిద్రపట్టట్లేదు."

పూర్ణచంద్రరావు కూతురి వైపు చూశాడు. ఆమె కాంతమ్మ పక్కన కూర్చుంది.

"బాగానే ఉందండి. ఉద్యోగం చేసుకుంటోంది. మొన్ననే స్కూటీ కూడా కొనుక్కుంది."

"ఒక్కతే ఉంటోందా?"

"వాళ్ల నాన్న దగ్గరండి."

కాంతమ్మ "హమ్మయ్య" అంటూ నీళ్లు తాగింది.

"భోంచేసి వెళ్లండి పిన్నిగారూ" అంది బిందుమాధవి. "వంకాయ కూర చేశాను."