పక్క సీటు దీపం

షెడ్డులో ఉన్నంతసేపూ ఆ ట్రక్కు మహా బుద్ధిమంతురాలు. ఫోర్ వీల్ స్విచ్చి తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద పచ్చ లైటు నిలకడగా వెలుగుతుంది, అడుగున మోటారు గుర్రుమంటుంది, ముందు చక్రాలు వెనక చక్రాలతో చేయి కలుపుతాయి. అదే ట్రక్కును బడి దారిలోని మట్టి ఎత్తు దగ్గరికి తీసుకెళితే పచ్చ లైటు టపటపా కొట్టుకుంటుంది. ముందు చక్రాలు మనకెందుకులే అన్నట్టు ఊరుకుంటాయి. వెనక చక్రాలు రెండూ బురదలో గిరగిరా తిరిగి, ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంటాయి.

"మా క్లాసులో ఇలాంటివాళ్ళు ఉన్నారు," అంది టీచరు, షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని. "ఇన్‌స్పెక్టరు ముందు గడగడా అప్పజెబుతారు. ఆయన అటు వెళ్ళగానే మొదటికొస్తారు."

"వాళ్ళని గోడకుర్చీ వేయించొచ్చు వదినా. దీన్నేం చేయను?" ట్రక్కు కింద నుంచి మరిది గొంతు వినిపించింది.

ఆ షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ. ఇంజను, గేర్‌బాక్సు, బరువు ఎత్తాల్సిన పనులన్నీ తమ్ముడివి. వైర్లు అన్నవి. ఏళ్ళ తరబడి ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టలేదు, అందుకే పోట్లాట కూడా రాలేదు. అన్న పోయాక వైరింగు పనులొస్తే తమ్ముడు పక్క వీధి ఎలక్ట్రీషియను దగ్గరికి పంపేస్తున్నాడు. ఈ ట్రక్కును మాత్రం పంపలేదు. అన్న బండి మీద పరాయి చెయ్యి పడటం అతనికి ఇష్టం లేదు.

ఎండాకాలమంతా ఫోర్ వీల్ అవసరమే రాలేదు. వానలు మొదలయ్యాక గుట్టు బయటపడింది. ఆ ఎత్తు ఎక్కితేనే బడి. ఎక్కలేని బండిని అమ్మేసి, ఎక్కే బండి ఏదైనా చూసుకోవాలి. ఇవాళ లోపం దొరక్కపోతే ట్రక్కును అమ్మేద్దామని ముందుగా అన్నది ఆమే. ఆ మాట అన్నప్పటి నుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు. ఆ సంగతి మరిదికి చెప్పలేదు.

పొద్దుటి నుంచి అతను కాళ్ళకు బలపాలు కట్టుకున్నట్టు ట్రక్కు చుట్టూ తిరిగాడు. ఫ్యూజులు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. రిలే మార్చాడు. మోటారుకు నేరుగా బ్యాటరీ కలిపితే అది చక్కగా తిరిగింది. కనెక్టర్లలోని మట్టి కడిగి ఆరబెట్టాడు. ఎక్కడా తప్పు లేదు.

"ఇది ఇక్కడ నిజం చెప్పదు వదినా. ఎత్తు దగ్గరికే పోదాం పద," అంటూ కరెంటు చూసే మీటరు, పనిముట్ల పెట్టె తీసుకుని పక్క సీటులోకి ఎక్కాడు.

ఆమె స్టీరింగు పట్టింది. ఎత్తు మొదట్లోనే పచ్చ లైటు కొట్టుకుంది. ఆమె బండి అక్కడే ఆపింది. అతను ఒళ్ళో మీటరు పెట్టుకుని, డ్యాష్‌బోర్డు అడుగున తల దూర్చి కాసేపు గొణుక్కున్నాడు.

"కరెంటు రావడం వస్తోంది. వచ్చింది తిరిగి వెళ్ళే దారే బాగాలేదు. ఎర్త్ వైరు. కంపెనీవాడు బిగించిన చోట తుప్పు తప్ప ఏమీ లేదు. అన్నయ్య దాన్ని అక్కణ్ణుంచి తీసి ఇంకెక్కడో కట్టాడు. ఎక్కడ కట్టాడో ఆ మహానుభావుడికే తెలియాలి."

"ఇప్పుడేం చేస్తావు?"

"డ్యాష్‌బోర్డు మొత్తం పీకాలి. పాత ప్లాస్టిక్కు. పీకితే పెళపెళా విరుగుతుంది. మళ్ళీ అతుకుతుందని నేను మాటివ్వలేను." మీటరు పక్కన పెట్టాడు. ఆమె వైపు చూడకుండా, "అమ్మేద్దామా?" అన్నాడు.

ఆమె వైపర్లు ఆపింది. అద్దం మీద నీళ్ళు జారుతుంటే చూస్తూ కూర్చుంది. పక్క సీటు ముందు, డ్యాష్‌బోర్డు అంచున, ఒకప్పుడు స్క్రూ బిగించిన చిన్న బెజ్జం ఒకటి ఉంది. ఆమె చూపు దాని మీద ఆగింది.

"ఇక్కడ దీపం ఉండేది," అంది.

బడి విడిచాక ఆయన వచ్చి ఎక్కించుకునేవాడు. ఇంటికి చేరేలోగా ఆమె ఒళ్ళో జవాబు పత్రాలు దిద్దుకునేది. మబ్బు పట్టిన రోజుల్లో అక్షరాలు కనపడవని ఆయన ఒక పాత మోటారు సైకిలు నంబరు ప్లేటు దీపం తెచ్చి, రేకు గొడుగు చేసి, అక్కడ బిగించాడు. వెలుగు కాగితం మీదే పడాలి, నడిపేవాడి కళ్ళలో పడకూడదు. ఆ రేకును ఎన్నిసార్లు వంచి చూసుకున్నాడో.

"ఈ ఎత్తు దిగేటప్పుడు బండి జారకుండా మీ అన్నయ్య స్విచ్చి తిప్పినప్పుడల్లా దీపం ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ లేచేది. ఎవరికో సున్నా వేయబోతూ నేను ఆగేదాన్ని. 'చూశావా, బండికే జాలేసింది, ఒక్క మార్కు వెయ్యి' అనేవారు."

"వేసేదానివా?"

"ఒక్కోసారి."

మరిది నవ్వబోయి ఆగిపోయాడు. "ఉండు. ఏమన్నావ్ ఇందాక? మళ్ళీ చెప్పు."

"ఒక్క మార్కు..."

"మార్కు సంగతి కాదమ్మా తల్లీ! దీపం. ఫోర్ వీల్ వేస్తే దీపం తగ్గేదా? ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

అతను సీటు మీది నుంచి కిందికి జారి, బెజ్జం వెనక్కి చెయ్యి పెట్టాడు. తడిమి తడిమి నల్ల టేపు చుట్టిన వైరు ముడి ఒకటి బయటికి లాగాడు. టేపు చివర నుంచి, స్క్రూ కింద బిగించే రాగి ఉంగరం ఒకటి కొంచెం తొంగి చూస్తోంది. అతని ముఖం చిన్నబోయింది.

"పొద్దుట్నుంచి నేను వెతుకుతున్న దొంగని నేనే వదినా."

"అదేమిటి?"

"దీపం తీసింది నేనే కదా. అన్నయ్య పోయాక బండి కడిగిన రోజు. నువ్వు ఎక్కగానే ఎదురుగా అది కనపడుతుందని... వద్దులే అనిపించింది. దీని స్క్రూ కింద రెండు నల్ల వైర్లున్నాయి. రెండూ దీపానివే అనుకున్నాను. సరిగ్గా చూస్తే రెండోది లావుగా ఉంది. ఆ రోజు నాకు సరిగ్గా కనపడలేదు." ముక్కు తుడుచుకున్నాడు. "టేపు చుట్టి లోపలికి తోసేశాను. చదునులో ఈ ఉంగరం ఇనుముకు ఆనుకుంటోంది. ఎత్తులో బండి వెనక్కి వాలగానే జారిపోతోంది. ఫోర్ వీల్ ఎర్తు, నీ దీపం ఎర్తు అన్నయ్య లోపలి ఇనుములోకి దిగే ఒకే స్క్రూకి కట్టాడు. అందుకే ఇది వేస్తే అది తగ్గేది."

"అలా కట్టొచ్చా?"

"కట్టకూడదు. ఇంకెవరైనా కట్టి ఉంటే అన్నయ్యే తిట్టేవాడు. ఇంటికెళ్ళే తొందరలో కట్టి ఉంటాడు, నువ్వు కాగితాలు పట్టుకుని కూర్చుంటే."

టేపు విప్పాడు. టేపు కింద, రాగి ఉంగరం దగ్గర, తెల్ల దారం వరసగా, బిగుతుగా చుట్టి ఉంది. అన్నకు టేపు మీద నమ్మకం లేదు. ఎండకు జిగురు కారుతుందని అతుకులన్నీ దారంతోనే కట్టేవాడు. అది చాదస్తమని తమ్ముడు ఎంత ఏడిపించినా మానలేదు.

ఆమె ఆ దారాన్ని వేలితో తాకింది. "ఇది జవాబు పత్రాలు కుట్టే దారం. బడిలో దారపు ఉండలు తరిగిపోతున్నాయని అటెండరును అనుమానించాం పాపం."

ఈసారి ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక కూడా ఆమె వేలు అక్కడే ఉంది.

"దీపం పారేశావా?" అని అడిగింది, కాసేపటికి.

అతను పనిముట్ల పెట్టె అడుగు నుంచి గుడ్డ మూట తీసి విప్పాడు. రేకు గొడుగు ఒక పక్క కాస్త నొక్కుకుపోయి ఉంది. బొటనవేలితో సరిచేసి, దీపం వైరు కలిపి, రెండు ఉంగరాలూ స్క్రూ కింద పెట్టి బిగించాడు.

"ఇప్పుడు తిప్పు."

ఆమె మొదట దీపం వేసింది. పసుపు వెలుగు మరిది ఖాళీ ఒళ్ళో పడింది. తర్వాత స్విచ్చి తిప్పింది. దీపం ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ లేచింది. పచ్చ లైటు నిలబడింది. ముందు చక్రాలు మట్టిని పట్టుకున్న బరువు స్టీరింగులో ఆమె చేతులకు తెలిసింది. ట్రక్కు ఎత్తు ఎక్కింది.

పైన, బడి గేటు ముందు, ఆమె బండి ఆపింది.

"రేపు షెడ్డుకు తీసుకురా," అన్నాడు మరిది. "లావు వైరుకి వేరే చోట చూసి ఎర్తు కడతాను. ఇలా ఉండటం దానికి మంచిది కాదు. అప్పుడిక దీపం మినుక్కుమనదు."

తప్పును తప్పనే దిద్దాలి. ఆ మాట ఆమె పిల్లలకు చాలాసార్లు చెప్పింది.

"రేపు తీసుకొస్తాను," అంది. "దారంతో కట్టు. టేపు వద్దు."

"నాకా ముడి రాదే!"

"నాకొచ్చు."

ట్రక్కును వెనక్కి తిప్పి, ఎత్తు దిగి, అడుగున ఆగింది. అక్కడి నుంచి ఇంటికి చదును దారే. అయినా ఆమె స్టీరింగు మళ్ళీ ఎత్తు వైపే తిప్పింది. మరిది మీటరు ఒళ్ళో పెట్టుకుని, దీపం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె స్విచ్చి మీద చెయ్యి వేసింది.